నేలమాళిగలోని వైద్యుడు: డాక్టరు సిడ్నీ ఫార్బరు

భీమవరమున 1895వ సంవత్సరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని ఉపాధ్యాయుడు తెలుగునాట ఉండడు. ఆయన పరిశోధనాలయమునుండి వెలువడిన మందుల పట్టికను విద్యార్థులు పరీక్షలకై వల్లె వేయుదురు. ఆ పట్టికలో రక్తపు కాన్సరుకు మందు అను మాట ఒకటి ఉండును. కాని మందు సీసాలో ఉన్నంత మాత్రమున అది మందు కాదు. దానిని మొట్టమొదట ఒక రోగికి ఇచ్చుటకు ఎవరో ఒకరు సాహసింపవలెను. ఇచ్చిన పిమ్మట ప్రతిదినము ఆ రోగి నెత్తురును పరీక్షించి, మేలు కలిగినదో కీడు కలిగినదో దాచకుండ వ్రాయవలెను. సుబ్బారావుగారి మందు విషయమున ఆ బరువు మోసినవాడు బోస్టను నగరములోని పిల్లల ఆసుపత్రిలో పని చేసిన డాక్టరు సిడ్నీ ఫార్బరు. అమెరికాలో ఆయన పేరు ఇంటింట తెలిసినదే. మన పాఠశాలలలో మాత్రము ఆ పేరు అంతగా వినబడదు.

ఫార్బరు 1903వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో పట్టణమున జన్మించెను. తండ్రి పోలండునుండి వలస వచ్చిన యూదుడు. పదునలుగురు సంతానములో సిడ్నీ మూడవవాడు. ఆ ఇంట కలిమి లేదు గాని పుస్తకములు కలవు. తండ్రి పాఠ్యగ్రంథములు తెచ్చి భోజనపు బల్లమీద పరచి, ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క పుస్తకము ఎన్నుకొని చదివి, చదివినదానిని తనకు ఒప్పగింపవలెనని నియమము పెట్టెనట. ఇంటిలో నడచిన ఈ బడి ఏ ప్రభుత్వపు లెక్కలలోను చేరదు. కాని దాని ఫలము ఎట్టిదో ముందు చూతము. సిడ్నీ బఫెలో విశ్వవిద్యాలయములో చదువుచు, ఖర్చులకై వినోదశాలలలో వయొలిను వాయించి, 1923లో పట్టము పుచ్చుకొనెను.

వైద్యవిద్యకు వచ్చుసరికి చిక్కు వచ్చినది. ఆ దినములలో అమెరికా వైద్యకళాశాలలు యూదులను ఎక్కువ సంఖ్యలో చేర్చుకొనెడివి కావు. ఫార్బరుకు జర్మను భాష బాగుగా వచ్చును. అందుచేత జర్మనీకి పోయి హైడెల్బర్గు, ఫ్రైబర్గు విశ్వవిద్యాలయములలో మొదటి సంవత్సరపు చదువు ముగించి, అక్కడ చూపిన ప్రతిభవలన హార్వర్డు వైద్యకళాశాలలో రెండవ సంవత్సరములో చేరెను. స్వదేశమున మూసియున్న తలుపు పరదేశమున తెరువబడినది. మరి పది సంవత్సరములు గడవకముందే, 1933లో, ఆ పరదేశమే తన యూదు ఆచార్యులను ఉద్యోగములనుండి వెడలగొట్టినది. చరిత్రలో ఇట్టి వింతలు పెక్కు కలవు.

హార్వర్డులో 1927లో పట్టము పొంది, పీటర్ బెంట్ బ్రిగాము ఆసుపత్రిలో పెథాలజీ, అనగా రోగమువలన శరీరభాగములలో కలుగు మార్పులను పరిశీలించు శాస్త్రము, అభ్యసించెను. సుబ్బారావుగారు బోస్టను చేరిన క్రొత్తలో పొట్ట గడుపుకొనుటకు రాత్రిపూట రోగుల మలపాత్రలు కడిగిన ఆసుపత్రి ఇదియే. 1928లో ఫార్బరు నార్మా అను విదుషిని వివాహమాడెను. ఆమె కవయిత్రి, గాయని. తరువాతి కాలమున పిల్లలకై అనేక గ్రంథములు రచించినది. 1929లో ఆయన బోస్టను పిల్లల ఆసుపత్రిలో పెథాలజిస్టుగా చేరెను. ఆ పనికే పూర్తికాలము నియమింపబడిన మొదటి వైద్యుడు ఆయనే.

పెథాలజిస్టు పని ఎట్టిదో చెప్పవలెను. పైఅంతస్తులలో వైద్యులు పిల్లలకు నాడి చూచుచు, పలుకరించుచు, బుజ్జగించుచు ఉందురు. పెథాలజిస్టు క్రింద నేలమాళిగలో ఉండును. చనిపోయిన బిడ్డ దేహము అతని బల్లమీదికి వచ్చును. శస్త్రచికిత్సలో కోసి తీసిన కంతి ముక్క అతని సూక్ష్మదర్శిని క్రిందికి వచ్చును. రోగము పేరేమో అతడు చెప్పగలడు. మాన్పుట అతని చేతిలో లేదు. ఫార్బరు ఈ పనిలో దాదాపు ఇరువది సంవత్సరములు గడపెను. శవపరీక్ష చేయు పద్ధతిని గురించి 1937లో ఆయన వ్రాసిన గ్రంథమును విద్యార్థులు ప్రమాణముగా వాడిరి. పిల్లలకు వచ్చు కంతులు పెద్దలకు వచ్చు వానివంటివి కావనియు, వానిని వేరుగా తెలిసికొనవలెననియు ఆయన గట్టిగా నమ్మెను. మనిషి పొడవరి, గంభీరుడు. ఎప్పుడును చక్కగా ఇస్త్రీ చేసిన కోటు తొడిగి, గుండీలన్నియు పెట్టుకొని యుండుటచే తోటి విద్యార్థులు నాలుగు గుండీల సిడ్ అని హాస్యము చేసెడివారు.

ఆయన పేరును కాన్సరుతో ముడివేసినవారు తరచుగా మరచునది ఒకటి కలదు. పుట్టుకతో వచ్చు ఒక వ్యాధిలో పసివారి క్లోమము చెడి, తిన్నది ఒంటబట్టక, ఊపిరితిత్తులలో జిగట శ్లేష్మము పేరుకొని మరణింతురు. న్యూయార్కులో డారతీ ఆండర్సను అను వైద్యురాలు 1938లో దీనిని క్లోమవ్యాధిగా వర్ణించినది. ఫార్బరు శవపరీక్షలలో అవయవములన్నిటిని వరుసగా చూచి, ఇది క్లోమమునకు మాత్రమే చెందిన రోగము కాదనియు, దేహమంతట గ్రంథుల స్రావము చిక్కబడుటయే మూలమనియు 1940ల మొదటి భాగమున ప్రతిపాదించెను. ఆ చిక్కని స్రావము కాలేయములోని సన్నని పైత్యనాళములను సయితము పూడ్చివేయును. పూడిన చోట కాలేయము క్రమముగా గట్టిపడి, మచ్చలు కట్టి, పనికిమాలినదగును. కాలేయము అంతయు ఒకేసారి చెడక, అక్కడక్కడ తునుకలు తునుకలుగా చెడుటను గుర్తించినది ఆయన కన్నే. బ్రతికియున్న బిడ్డను చూచు వైద్యునికి ఈ సంగతి తెలియుటకు నేలమాళిగలోని బల్లయే దారి చూపినది.

ఇట్లు ఇరువది ఏండ్లు చూచి చూచి ఆయనకు విసుగు పుట్టినది. ముఖ్యముగా ల్యుకీమియా అను రోగమును చూచి.

మన నెత్తురులో ఎర్ర కణములు, తెల్ల కణములు కలవు. ఇవి ఎముకలలోని మూలుగలో పుట్టుచుండును. తెల్ల కణములు శత్రువులవలె వచ్చు సూక్ష్మజీవులతో పోరాడును. ల్యుకీమియాలో ఆ తెల్ల కణములే అదుపు తప్పి, ముదిరి పక్వము కాకుండగనే లక్షలకొలదిగా పుట్టి, మూలుగనంతయు ఆక్రమించుకొనును. ఎర్ర కణములకు చోటు లేక బిడ్డ పాలిపోవును. నెత్తురు గడ్డకట్టించు కణికలు లేక చిగుళ్ళనుండి, ముక్కునుండి రక్తము కారును. తెల్ల కణములు లెక్కకు మిక్కిలిగా ఉన్నను పనికిరానివగుటచే చిన్న జ్వరము సయితము ప్రాణము తీయును. 1845లో జర్మనీలో వర్కోవు, స్కాట్లండులో బెనెట్టు అను వైద్యులు ఈ రోగమును వర్ణించిరి. అప్పటినుండి నూరు సంవత్సరములు గడచినను, తీవ్రమైన ల్యుకీమియా సోకిన బిడ్డ కొలది వారములలోనో కొలది నెలలలోనో కన్నుమూయుట తప్పలేదు. కంతి అయినచో కోసివేయవచ్చును, కిరణములతో కాల్చవచ్చును. నెత్తురును కోయుట ఎట్లు? పెద్ద వైద్యులు ఈ పిల్లల గదులను చూచి, ఓదార్పు పలికి, ముందుకు సాగిపోయెడివారు. తప్పు వారిది కాదు. చేయుటకు ఏమియు లేకుండెను.

ఫార్బరుకు దారి చూపినది రక్తహీనత. 1926లో బోస్టనులోనే మైనటు, మర్ఫీ అను వైద్యులు పచ్చి కాలేయము తినిపించి ఒక విధమైన ప్రాణాంతక రక్తహీనతను మాన్పిరి. కాలేయములో నెత్తురు పుట్టించు శక్తి ఏదో ఉన్నదని అప్పటినుండి రసాయనికులు దానికై వెదకుచుండిరి. ఇచ్చట మన దేశమునకు కూడ ఒక పాలు కలదు. 1928లో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీలకు కలుగుచున్న రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారము తినిపించినచో అది మానునని కనుగొనెను. ఆ ఈస్టులో ఉన్న పోషకపదార్థమే, పాలకూరలోను దొరకుటచేత ఆకు అను అర్థము గల లాటిను పదమునుండి, 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు పొందినది. 1943లో దానిని కాలేయమునుండి శుద్ధమైన స్ఫటికములుగా తీసిరి. లెడర్లీ కంపెనీ పరిశోధనాలయములో సుబ్బారావుగారి ఆధ్వర్యమున పనిచేసిన రసాయనికులు 1945నాటికి దానిని కృత్రిమముగా తయారు చేయగలిగిరి. సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధితో కొలది దినముల తేడాలో చనిపోయిరి. ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మందైనది. ఆ కథ మన పాఠకులకు తెలిసినదే.

రక్తహీనతలో మూలుగకు ఫోలిక్ ఆమ్లము ఊపిరి పోయుచున్నది. ల్యుకీమియాలో మూలుగ చెడినది. కావున ఫోలిక్ ఆమ్లము ఇచ్చిన చెడిన మూలుగ సక్రమ మార్గమునకు రాకూడదా యని ఫార్బరు ఆలోచించెను. ఈ జాతి పదార్థములు ఎలుకల కంతులను తగ్గించినవని న్యూయార్కునుండి 1945లో ఒక వార్త కూడ వచ్చియుండెను. తర్కము చూచుటకు సొంపుగానే యున్నది. లెడర్లీనుండి ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థములను తెప్పించి, ఇక వైద్యము లేదని తేలిన దాదాపు 90 మంది కాన్సరు రోగులకు ఇచ్చి చూచెను. వారిలో ల్యుకీమియా పిల్లలు కొందరు. ఆ పిల్లల మూలుగను పరీక్షింపగా రోగము తగ్గుటకు మారు మరింత వేగముగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచినది. మంటమీద నీరు అనుకొని నెయ్యి పోసినట్లయినది.

ఈ ఘట్టమువద్ద పాఠకుడు ఒక్క నిమిషము ఆగవలెనని నా కోరిక. జీవితచరిత్రలు వ్రాయువారు సాధారణముగా ఇచ్చట తొందరపడి, పొరపాటునుండి విజయము పుట్టినదని చెప్పి దాటిపోవుదురు. కాని ఆ పిల్లలకు తల్లిదండ్రులు ఉండిరి. బిడ్డకు కొలది వారములే మిగిలియున్నప్పుడు ఆ వారములలో కొన్ని దినములు తగ్గినను చిన్న విషయము కాదు. రోగము నిజముగా ఆ మందువలననే హెచ్చినదా, లేక తన సహజగతిలో హెచ్చినదా యని తరువాతి కాలపు వైద్యులలో సందేహించినవారును కలరు. ఫార్బరు మాత్రము సందేహమును తనకు అనుకూలముగా వాడుకొనలేదు. తాను ఇచ్చిన మందు కీడు చేసినదనియే గ్రహించి, ఆ మాటను అచ్చులో పెట్టెను. పరిశోధకుని నిజాయితీకి ఇంతకంటె గట్టి పరీక్ష ఉండదని నేననుకొందును.

ఆ అంగీకారమునుండియే తరువాతి ఆలోచన పుట్టినది. ఫోలిక్ ఆమ్లము రోగకణములకు ఆహారమైనచో, ఆ ఆహారమును అందకుండ చేసిన ఏమగును? పెరుగుచున్న కణము ప్రతిసారి రెండుగా చీలునపుడు క్రొత్త కేంద్రపదార్థమును తయారు చేసికొనవలెను. దానికి ఫోలిక్ ఆమ్లము కావలెను. సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును నిర్మించు దారి తెలిసికొనుటచే, దానిని పోలిన మారు పదార్థములను కూడ నిర్మింపగలిగెను. అణువులో ఒకానొక చోట ఆమ్లజని, ఉదజని కూడిన జంటకు బదులు అమైను అను మరియొక గుంపును చేర్చిరి. మార్పు అంతే. తాళములో దూరునట్టి దొంగ తాళపుచెవి వంటిది అది. దూరును గాని తిరుగదు, బయటికి రాదు, అసలు తాళపుచెవికి చోటివ్వదు. కణము ఆకలితో మాడిపోవును. ఈ పదార్థమునకు అమైనోప్టెరిన్ అని పేరు. దీనికి ముందు మరి కొన్ని మారు పదార్థములను ఫార్బరు 1947లో ప్రయోగించి చూచెను. అవి అంతగా పనిచేయలేదు.

ఆసుపత్రిలో అందరును ఆయనను సమర్థింపలేదు. మృతదేహములను కోయు పెథాలజిస్టుకు బ్రతికియున్న బిడ్డలతో ఏమి పని యని కొందరు, పోవు ప్రాణమును సూదులతో బాధింపక శాంతిగా పోనిమ్మని కొందరు అభిప్రాయపడిరి. ఈ రెండవ మాటను కొట్టివేయుట సులభము కాదు. మూలుగను పరీక్షించుటకు ఎముకలోనికి సూది దింపవలెను. మందు నోటిని, ప్రేవులను పుండ్లుగా చేయును. అదే సంవత్సరము ఆగస్టులో జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున నాజీ వైద్యుల నేరములపై తీర్పు చెప్పిన న్యాయస్థానము, మానవులపై ప్రయోగము చేయుటకు వారి స్వచ్ఛందమైన సమ్మతి తప్పక కావలెనని నిర్ణయించెను. రెండేండ్ల బిడ్డ సమ్మతి ఎట్లు తెలుపును? నేడు ఇట్టి ప్రయోగములకు సంఘములు, నియమములు, తల్లిదండ్రుల సంతకములు కలవు. నాడు ఆసుపత్రులలో అట్టి ఏర్పాటు లేదు. వైద్యుని మనస్సాక్షియే కావలి. ఫార్బరు మనస్సాక్షి మేలుకొనియే యున్నదని ఆయన వ్రాతలు చెప్పుచున్నవి. కాని ఆ ఒక్క కావలిమీద ఆధారపడుట మంచి పద్ధతి కాదని తరువాతి తరములు నేర్చుకొనినవి.

1947వ సంవత్సరము డిసెంబరు చివరి దినములలో బోస్టను నగరపు ఒక రెండేండ్ల బాలునికి అమైనోప్టెరిన్ సూదిమందు ప్రారంభమైనది. ఆ బాలునికి కవల సోదరుడు కలడు. వానికి ఏ రోగము లేదు. ఒకే రూపము గల ఇద్దరిలో ఒకడు ఆడుకొనుచుండగా ఇంకొకడు మంచము దిగలేని స్థితిలో ఉండెను. నెలనెలకు రెట్టింపుగా పెరిగిన తెల్ల కణముల లెక్క 70,000 దాకా పోయియుండెను. మందు పడిన పిమ్మట ఆ లెక్క నిలిచినది. తరువాత తగ్గినది. సంవత్సరాంతమునకు ఆరవ వంతునకు దిగినది. ఫార్బరును, రక్తవ్యాధుల నిపుణుడైన డాక్టరు లూయీ డయమండును ఈ అంకెలను నమ్మలేక మరల మరల పరీక్షలు చేయించిరి. ఉబ్బిన ప్లీహము, కాలేయము తగ్గినవి. జనవరిలో బాలుడు తన కాళ్ళపై నడచెను. కొన్ని నెలలపాటు కవలలు ఇద్దరును మరల ఒకే విధముగా కనబడిరి.

అనంతరము రోగము తిరిగి వచ్చినది. ఈసారి మందు పనిచేయలేదు. 1948లో ఆ బాలుడు మరణించెను.

1948 జూన్ 3వ తేదీన న్యూ ఇంగ్లండు వైద్యపత్రికలో ఫార్బరు, డయమండు, వారి ముగ్గురు సహచరులు తమ ఫలితములను ప్రకటించిరి. పదునారుగురు పిల్లలకు మందు ఇచ్చితిమనియు, పదుగురిలో మేలు కనబడినదనియు, ఆ మేలు తాత్కాలికమనియు వ్రాసిరి. తాత్కాలికమను మాటను లోపల ఎక్కడనో మూలకు దాచలేదు. వ్యాసపు శీర్షికలోనే మొదటి పదముగా ఉంచిరి. అది చదివి పలువురు వైద్యులు సంశయించిరి, కొందరు ఎగతాళి చేసిరి. పదుగురు బిడ్డలకు కొలది నెలల ఆయువు పెరిగినచో అదేమి గొప్ప యనిరి. కాని నూరేండ్లలో ఏ మందును కదల్పలేని రోగమును ఒక మందు కదల్చినది. రాయి కదలినపిదప దానిని త్రోయుటకు మరి కొందరు ముందుకు వత్తురు. ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు యాబదిమూడవ ఏట నిద్రలోనే కన్నుమూసిరి. తమ దొంగ తాళపుచెవి ఎన్ని తలుపులు తెరువనున్నదో చూచు భాగ్యము ఆయనకు లేకపోయినది.

ఫార్బరుకు ఇప్పుడు ధనము కావలసివచ్చినది. నేలమాళిగలోని చిన్న గదిలో పెద్ద పరిశోధన సాగదు. న్యూ ఇంగ్లండు ప్రాంతపు సినిమా, నాటకశాలల వర్తకుల సంఘమొకటి ఆయనకు తోడ్పడుటకు సిద్ధపడెను. ప్రజల హృదయమును తాకవలెనన్న గ్రాఫులు, అంకెలు చాలవని, ఒక బిడ్డ గొంతు వినిపింపవలెనని వారు నిశ్చయించిరి. మెయిను రాష్ట్రపు వ్యవసాయ కుటుంబమునుండి వచ్చి, కడుపులో కాన్సరుతో ఆసుపత్రిలోనున్న 12 ఏండ్ల బాలుని ఎన్నుకొనిరి. అతని పేరు బయటపడకుండుటకు జిమ్మీ యని మారుపేరు పెట్టిరి. 1948 మే 22వ తేదీ రాత్రి రేడియోలో రాల్ఫు ఎడ్వర్డ్సు అను ప్రసిద్ధ వ్యాఖ్యాత హాలీవుడునుండి ఆ బాలునితో మాటలాడుచుండగా, అతడు దేవతలవలె ఆరాధించు బోస్టను బేసుబాలు ఆటగాండ్రు ఒక్కొక్కరుగా అతని మంచమువద్దకు నడచివచ్చిరి. దేశమంతయు విన్నది. ఆటలు చూచుటకు బాలునికి ఒక టెలివిజను కావలెననియు, అందుకు 20,000 డాలర్లు పరిశోధననిధికి చేరవలెననియు ప్రకటించిరి. చేరినది 2,31,000 డాలర్లకు పైగా. పిల్లలు తమ డిబ్బీలలోని చిల్లర సయితము కవరులలో పెట్టి పంపిరి.

ఆ ధనముతో 1952లో జిమ్మీనిధి భవనము వెలసెను. పిల్లలు వేచియుండు గదులలో ఆటవస్తువులు, గోడలపై బొమ్మలు ఉంచిరి. ఇంతకంటె ముఖ్యమైనది ఆయన ప్రవేశపెట్టిన పద్ధతి. అంతవరకు రోగి ఒక్కొక్క నిపుణుని గదికి తిరుగవలసియుండెను. ఇక్కడ వైద్యులు, నర్సులు, ఆహారనిపుణులు, సంఘసేవకులు బిడ్డ ఉన్న చోటికే వచ్చి కలిసి ఆలోచించెడివారు. బిడ్డ రోగమునే గాక తల్లి దిగులును, తండ్రి అప్పును కూడ వైద్యములో భాగముగా ఎంచవలెనని ఫార్బరు బోధించెను. అయితే తన క్రింద పనిచేయువారితో ఆయన అంత మెత్తగా ఉండెడివాడు కాడు. మాట ఎదురాడిన సహింపడు. అన్నియు తన కనుసన్నలలో జరుగవలెను. మహాపురుషుల జీవితములలో ఈ భాగమును విడిచిపెట్టుట మన అలవాటు. విడిచిపెట్టక పోవుటయే విద్యార్థులకు మేలు.

1950ల నడుమ ఆయన రెండవ విజయమును సాధించెను. విల్మ్సు కంతి యనునది పసివారి మూత్రపిండములో పుట్టును. తరచుగా తల్లి స్నానము చేయించునపుడు కడుపులో గట్టి గడ్డ చేతికి తగులును. దానిని 1899లో విపులముగా వర్ణించిన జర్మను శస్త్రవైద్యుడు మాక్సు విల్మ్సు, 1918లో ఒక ఫ్రెంచి యుద్ధఖైదీకి డిఫ్తీరియాలో శస్త్రచికిత్స చేయుచు ఆ రోగమే తనకు సోకి మరణించెను. ఈ కంతిని కోసి తీసి కిరణములు ప్రయోగించినను, ఊపిరితిత్తులకు ప్రాకినచో బిడ్డ దక్కుట అరుదు. స్ట్రెప్టోమైసిను కనుగొన్న వాక్సుమను పరిశోధనాలయమునుండి 1940లోనే ఆక్టినోమైసిను అను పదార్థము వచ్చియుండెను. సూక్ష్మజీవులను చంపుటకు అది పనికిరాదని, విషము హెచ్చని ప్రక్కన పెట్టిరి. ఫార్బరు దానిని ఈ పిల్లలకు ప్రయోగించెను. ఊపిరితిత్తులలో నాణెములవలె కనబడు మచ్చలు ఎక్సురే చిత్రములలో కరగిపోయినవి. శస్త్రము, కిరణము, మందు మూడును కలిసినపుడు కోలుకొను పిల్లల సంఖ్య నూటికి 40నుండి 85 దాకా పెరిగినది. ఇది తాత్కాలికము కాదు.

ఇక వాషింగ్టను ప్రయాణములు. మేరీ లాస్కరు అను సంపన్నురాలితో కలిసి ఆయన శాసనసభ సంఘముల ఎదుట సంవత్సరము వెంట సంవత్సరము సాక్ష్యమిచ్చి, కాన్సరు పరిశోధనకు ప్రభుత్వము ఎక్కువ ధనము కేటాయింపవలెనని వాదించెను. 1966లో లాస్కరు బహుమానము ఆయనకు లభించెను. 1971 డిసెంబరు 23వ తేదీన అధ్యక్షుడు నిక్సను సంతకము చేసిన జాతీయ కాన్సరు చట్టమునకు ఈ ప్రచారమే పునాది. మూలకారణము పూర్తిగా తెలియు దాక ఆగవలసిన పని లేదు, మందు పనిచేసిన చాలునని ఫార్బరు వాదము. కణముల రహస్యము తెలియనిదే కాన్సరును జయింపలేమని శాస్త్రజ్ఞులు పలువురు ప్రతివాదము చేసిరి. కొలది సంవత్సరములలో కాన్సరు అంతరించునన్న ఆశ అడియాస అయినది. ఆ మేరకు ఆయన లెక్క తప్పినది. పిల్లల ల్యుకీమియా విషయమున మాత్రము ఆయన తొందరయే ఒప్పైనది. 1960లలో ఇతరులు నాలుగైదు మందులను ఒకటిగా కూర్చి దీర్ఘకాలము ఇచ్చి, రోగమును మొదలంట పెకలించు మార్గము కనుగొనిరి. ధనికదేశములలో నేడు ఈ వ్యాధి సోకిన పిల్లలలో నూటికి 90 మందికి దగ్గరగా కోలుకొనుచున్నారు.

అమైనోప్టెరిన్ తరువాత దానికి చెల్లెలివంటి మెథోట్రెక్సేటు వాడుకలోనికి వచ్చినది. నేడు కీళ్ళవాతమునకును, సోరియాసిస్ అను చర్మవ్యాధికిని కూడ దానినే వాడుదురు. ఎక్కువకాలము వాడినచో అది కాలేయమును మచ్చలు కట్టించి గట్టిపరుపవచ్చును. అందుచేత ఆ మాత్రలు తీసికొనువారి నెత్తురును వైద్యులు అప్పుడప్పుడు పరీక్షింపవలసియున్నది. కాలేయమునుండి తీసిన పోషకపదార్థపు మారురూపమునకు కాలేయమే భయపడవలసివచ్చినది.

ఫార్బరు 1973 మార్చి 30వ తేదీన గుండె ఆగి బోస్టనులో మరణించెను. ఆయన వయస్సు 69 సంవత్సరములు. మరుసటి సంవత్సరము ఆయన స్థాపించిన సంస్థకు ఆయన పేరే పెట్టిరి; అది నేడు డానా-ఫార్బరు సంస్థగా ప్రసిద్ధము. జిమ్మీ ఏమైనాడో మాత్రము చాలకాలము లోకమునకు తెలియలేదు. ఆనాటి కాన్సరు ఆనాటి పిల్లలను ఏమి చేసెడిదో తెలిసినవారు అతడును ఎప్పుడో పోయి యుండునని తలచిరి. రేడియో కార్యక్రమము జరిగిన యాబది ఏండ్లకు, 1998లో, అతడు సజీవుడై యున్నట్లు బయటపడెను. మెయిను రాష్ట్రమునకు తిరిగిపోయి, పెండ్లాడి, పిల్లలను కని, లారీ నడుపుచు బ్రతికెను. ఆ సంవత్సరము బోస్టనుకు వచ్చి, తన పేరు గల నిధితో కట్టిన భవనములలో తిరిగి, చికిత్స పొందుచున్న పిల్లలను పలుకరించెను. 65 ఏండ్లు బ్రతికి 2001లో మరణించెను.